ఆ కంపెనీ బండి ఎందుకు వద్దన్నానంటే

బిట్రగుంట,
6 నవంబరు 2024, బుధవారం.

ప్రియమైన మరిది ఫ్రెడ్డీకి,

మీ వదిన నవోమి ప్రభువు నామంలో వందనాలు చెప్పి వ్రాయునది. దేవుని కృప వల్ల అత్తమ్మ, నేను ఇక్కడ బాగానే ఉన్నాము. నెల్లూరులో నువ్వు, మా తోడికోడలు ఫ్లోరా కూడా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నేను ఫోను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఫ్లోరా ఎత్తుతుంది గాని, నీ పేరు తీయగానే మాట మార్చి అత్తమ్మ మోకాళ్ల నొప్పులెట్లా ఉన్నాయని అడుగుతుంది. ఏడు నెలలు చూసి చూసి ఇవాళ కాగితం పట్టుకున్నాను. నా దస్తూరి కోడి కెలికినట్టుంటుందని మీ అన్న అనేవాడు. ఓపిక చేసుకుని చివరిదాకా చదువు. సగంలో మడిచి పెట్టెయ్యకు.

పోయిన నెల వానలకు మన సందంతా నీళ్లు నిలిచాయి. బోగోలు పద్మనాభయ్య గారి రొయ్యల గుంటల్లో రెండింటికి కట్టలు తెగి సరుకంతా కాలవలో కలిసిపోయింది. పాపం, వరి మానుకుని ఆ గుంటలే నమ్ముకున్న మనిషి. అయినా మిగిలిన గుంటల సరుకు మన బండికే ఎత్తిస్తున్నారు. మీ అన్న ఉన్నప్పుడు ఎట్లా పిలిచేవారో ఇప్పుడూ అట్లాగే, రొయ్యల పట్టుబడికి ముందురోజు సాయంత్రమే కబురు పెడతారు. తెల్లవారి గుంట దగ్గర తూకం నేను చూసుకుంటాను. ఐసు కొట్టించి ట్రేలు సర్దించి పంపితే, డ్రైవరు గిరిబాబు నెల్లూరు ప్లాంటులో దించి మధ్యాహ్నానికి తిరిగి వస్తాడు. ఇల్లు గడుస్తోంది.

ఇక బండి సంగతి. నువ్వు చెప్పిందే నిజమైంది ఫ్రెడ్డీ. ఆ మాట నేను ముందే ఒప్పుకుంటే మిగతాది నువ్వు చల్లగా చదువుతావని రాస్తున్నాను. ఈ కొత్త కంపెనీ పికప్పు చూడటానికి పెద్దది, సీటు మెత్తన, హైవే మీద బాగానే పరిగెత్తుతుంది. బరువేసి గుంట కట్ట ఎక్కిస్తే మాత్రం మూలుగుతుంది. గిరిబాబు రోజూ నన్ను దెప్పుతూనే ఉంటాడు. "అక్కా, ఇది రోడ్డు మీద గుర్రమే గాని, కట్ట ఎక్కితే గాడిదైపోతా ఉండాది" అంటాడు. వెనక కమాను పట్టీలు మన పాత బండివంత గట్టివి కావని, కొత్తది వెతికేటప్పుడే నువ్వు అన్నావు. విన్నాను. విని కూడా కొన్నాను.

ఆగస్టులో క్లచ్చి పోయింది. నడి కట్ట మీద, నిండా రొయ్యలతో. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది, ట్రేల కింద నుంచి ఐసు నీళ్లు ధారగా కారిపోతున్నాయి. కావలి నుంచి మెకానిక్కు వచ్చి చూసి, సామాను తెప్పించాలి, వారం పైనే పడుతుందన్నాడు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ పూట పద్మనాభయ్య గారు ఎవరినో బతిమాలి ఇంకొక బండి పిలిపించారు. ఆ వచ్చిన బండి నువ్వు పనిచేసే కంపెనీదే. వాళ్లు ట్రేలు మార్చుకుంటుంటే నేను అక్కడ నిలబడలేక, నీళ్లు చిలికే మిషన్ల మోత దగ్గరికి పోయి, అది వెళ్లిపోయేదాకా అక్కడే ఉన్నాను. పద్మనాభయ్య గారు అక్కడికే వచ్చారు. "సరుకు బండెక్కి పొయ్యింది, సరే. నువ్వు నీడకు రామ్మా" అన్నారు.

ఇంత తెలిసీ ఆ కంపెనీ బండి ఎందుకు వద్దన్నానని నువ్వు అడుగుతావు. అడగాల్సిందే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నువ్వు తొమ్మిదో తరగతి. బడి ఎగ్గొట్టి మీ అన్న మొదటి బండి కింద దూరి గ్రీజు పూసుకుని వస్తే, మీ అమ్మ చూడకుండా నీ చొక్కా ఉతికింది నేను. ఆ కంపెనీ బండి మీదే నువ్వు పని నేర్చావు. ఆ కంపెనీ సర్వీసు సెంటరులోనే చేరి హెడ్ మెకానిక్కువయ్యావు. మీ అన్న రెండు బండ్లు మార్చినా కంపెనీ మార్చలేదు. ఎవరైనా ఇంకో కంపెనీ పేరు ఎత్తితే, "మా తమ్ముడి చెయ్యి పడని బండి నాకెందుకు" అనేవాడు.

పాత బండి అడుగు రేకంతా ఉప్పునీళ్లకు తినేసి చిల్లులు పడ్డాక, ఇక తప్పదని కొత్తది చూడమన్నది కూడా నేనే. నువ్వు ఎంత తిరిగావో నాకు తెలుసు. మీ మేనేజరుతో మాట్లాడి పాత బండి రంగే కావాలని పట్టుబట్టి తెప్పించావు. క్యాబిన్ నుదుటి మీద "సమాధానం" అని మీ అన్న పేరు రాయించడానికి పెయింటరును కూడా మాట్లాడావు. ఏప్రిల్‌లో నన్ను షోరూముకు పిలిచి, తాళం నా చేతికిచ్చి, కూర్చో వదినా అన్నావు. నేను ఎక్కి కూర్చున్నాను. నువ్వు పక్కనుంచి చెయ్యి చాపి స్టార్టు చేశావు. రెండు నిమిషాలు కూడా కూర్చోలేదు నేను. దాహంగా ఉందని దిగి, బయటికి వచ్చి, నీతో ఒక్క మాట చెప్పకుండా కావలి బస్సు ఎక్కేశాను. నాలుగో రోజు ఇంకొక కంపెనీ బండికి సంతకం పెట్టాను.

నువ్వు శనివారం వచ్చావు. మన గేటు ముందు ఆ బండిని చూసి చెప్పులు కూడా విడవకుండా నిలబడిపోయావు. ఆ రోజు నువ్వన్న మాట అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. "ఆ రోజు అన్నను నేను ఆపలేదనే గదా వదినా, మా కంపెనీ బండి కూడా నీకు పనికి రాకుండా పొయ్యింది?" అన్నావు. నేను బదులు చెప్పలేదు. ఆ మౌనాన్ని నువ్వు అవునన్నట్టుగా తీసుకుని వెళ్లిపోయావు.

ఫ్రెడ్డీ, బైబిలు మీద చెయ్యి వేసి రాస్తున్నాను. ఒక్క రోజు, ఒక్క నిమిషం కూడా నేను నిన్ను తప్పు పట్టలేదు. మీ అన్న ప్లాంటులో సరుకు దించి నీ దగ్గరికి వచ్చాడు, కలిసి అన్నం తిందాం రారా అన్నాడు, నువ్వు బండి కింద పడుకుని పనిలో ఉండి "నువ్వు పో అన్నా, ఆదివారం నేనే వస్తా" అన్నావు. అంతే గదా? నూరుసార్లు అని ఉంటావు ఆ మాట. ఆయన నూరుసార్లు నవ్వుకుంటూ వచ్చేసి ఉంటాడు. గంట తర్వాత హైవే మీద గుండె ఆగిపోతుందని ఆయనకే తెలియదు, నీకేం తెలుసు? అంత నొప్పిలోనూ బండిని పక్కకు తీసి, హ్యాండు బ్రేకు లాగి, ఇండికేటరు వేశాడు. ఎవరికీ దెబ్బ తగలనివ్వలేదు. ఇంజను మాత్రం ఆపలేకపోయాడు. పక్కనున్న టీకొట్టు ఆమె నిద్రపోతున్నాడనుకుని, అరగంటైనా ఇంజను ఆగకపోయేసరికి పోయి చూసిందంట. సమాధి దగ్గర నువ్వు తల బాదుకుంటుంటే నిన్ను పట్టుకున్నది నేనే. అప్పుడే ఈ మాట చెప్పి ఉండాల్సింది.

బండి మార్చడానికి కారణం వేరు. అది అత్తమ్మ గురించి. నీకు చెప్పడానికి మనసు రాక ఇన్నాళ్లు మింగాను.

మీ అన్న పోయాక డిసెంబరు నుంచి గిరిబాబు మన పాత బండి తోలాడు. మధ్యాహ్నం రెండు గంటలకు ఇంటికి వచ్చేది. రైల్వే గేటు దాటి మన సందులోకి తిరిగేటప్పుడు, రెండో గేరులో ఆ ఇంజను ఒకరకంగా కూస్తుంది చూడు, ఆ మోత వినపడగానే అత్తమ్మ లేచేది. కంచం కడిగి పీట ముందు పెట్టేది. అన్నం వడ్డించి, చెంబుతో నీళ్లు పట్టుకుని గేటు దాకా పోయేది. తలుపు తీసుకుని గిరిబాబు దిగేవాడు. అతని ముఖం చూసి, చెంబు అట్లాగే పట్టుకుని వెనక్కి వచ్చేది. ఒక రోజు కాదు ఫ్రెడ్డీ, నాలుగు నెలలు. గిరిబాబు తట్టుకోలేక బండి సందు చివరే ఆపి నడిచి వస్తానన్నాడు. అట్లా ఆపినా ఆ మోత వినపడుతూనే ఉండేది. పెద్దామె మతి తప్పుతోందని, కొడుకు పోయిన సంగతి మరిచిపోతోందని అనుకున్నాను. షోరూములో నువ్వు కొత్త బండి స్టార్టు చేస్తే అచ్చం అదే గొంతు. అది ఇంటికి తెస్తే ఇంకో పదేళ్లు ఈ ఇంట్లో రోజూ రెండు గంటలకు అదే జరుగుతుందని భయపడ్డాను. అందుకే వద్దన్నాను. మీ అమ్మకు మతి పోతోందని నీ ముఖం మీద ఎట్లా చెప్పను?

పాత బండిని బోగోలు ఐసు ఫ్యాక్టరీ వాళ్లు తీసుకున్నారు. వాళ్లది ఈ దారి కాదు.

ఈ నెల ఇరవై నాలుగుకు మీ అన్న పోయి ఏడాది. ఆదివారమే వచ్చింది. ఆరాధన అయ్యాక ఇంట్లోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటున్నాము. పాస్టరు గారు ఎవరైనా కుటుంబంలోంచి రెండు మాటలు మాట్లాడాలన్నారు. ఆ రెండు మాటలు నువ్వే మాట్లాడాలి. ఫ్లోరాను తీసుకుని శనివారమే రా. నీకిష్టమని అత్తమ్మ మాగాయ దాచిపెట్టింది, జాడీ ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

నీ మీద ఎప్పుడూ కోపం లేని
మీ వదిన,
నవోమి.

తా.క. ఉత్తరం కవరులో పెట్టి అంటించబోతూ, నీ గురించే గదా అని అత్తమ్మకు చదివి వినిపించాను. తన సంగతి వచ్చేదాకా కళ్లు మూసుకుని వింది. అక్కడికి వచ్చేసరికి, "ఆపు మే" అంది. "నా కొడుక్కి అబద్ధం రాస్తుండావా? నాకు మతి పొయ్యిందని చదివితే వాడు నెల్లూరులో కూర్చుని ఏడ్చి చస్తాడు. నా పెద్దోడి పెట్టె మీద నా చేత్తో మట్టి వేసినాను. వాడు రాడని నాకు తెలియదా? ఉన్నదున్నట్టు రాయి. నువ్వు రాయకపోతే ఫోను చేసి నేనే చెప్తా" అంది.

రాస్తున్నాను ఫ్రెడ్డీ. కంచం పెట్టింది నేను. చెంబు పట్టుకుని గేటు దాకా పోయింది నేను. తెలిసే లేచేదాన్ని. ఆయన లేడని తెలుసు, ఆ మోత వినపడితే కాళ్లు ఆగేవి కావు. అత్తమ్మ నా వెనకే వచ్చేది, గిరిబాబు దిగగానే నా మోచెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చేది. ఆ వడ్డించిన అన్నం నా ముందు కుక్కకు వెయ్యలేక ఆమే కూర్చుని తినేది. షుగరు మనిషి, అప్పటికే తిని ఉండి, రోజూ రెండోసారి. మార్చిలో షుగరు మూడు వందలు దాటిందని డాక్టరు కేకలేస్తే, కోడలు చేసిన చక్కెర పొంగలి తిన్నానని చెప్పింది. నేను ఆ పొంగలి వండనే లేదు. నాలుగు నెలల్లో ఒక్కసారైనా, ఎందుకమ్మా ఇట్లా చేస్తున్నావని ఆమె నన్ను అడగలేదు. ఇవాళ కూడా అడగలేదు.

ఈ కొత్త బండి వస్తే నేను లేవడం లేదు. గిరిబాబు వచ్చాడని తెలుస్తుంది, అంతే. మీ అన్న పోయింది నవంబరులోనే గాని, నాకు తెలిసింది ఏప్రిల్‌లో, ఆ మోత ఇంటికి రావడం మానేసినాక.

శనివారం మీరు మీ సర్వీసు సెంటరు బండిలో వచ్చేట్టయితే, రైల్వే గేటు దగ్గర ఆగి ఒకసారి ఫోను చెయ్యి. వచ్చేది నువ్వని ముందే తెలిస్తే, కూర్చునే ఉండగలనేమో చూస్తాను.