అర్థానికి కాదు, ఒప్పజెప్పేదానికి

జమ్మలమడుగు,
నవంబరు 1959.

చిరంజీవి కమాల్ బాషాకు మీ నాయన దస్తగిరి దువా చేసి, ఈసారి రాయించేది కాక స్వయంగా రాసేది ఏమంటే, ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. నువ్వు కూడా హైదరాబాదులో వేళకు ఇంత తింటున్నావనే అనుకుంటాను.

ఎప్పుడూ అర్జీలు రాసే నారాయణ చేత రాయించేవాణ్ణి. ఆయనకు చెప్పిన మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. ఇది ఊరికి చెప్పే మాట కాదు. అందుకని నేనే కూర్చున్నాను. చిన్నప్పుడు ఇసకలో దిద్దిన అక్షరాలు ఇవి. వంకరగా ఉంటే ఉన్నాయి. నిన్న మొదలు పెట్టాను, మధ్యలో చెయ్యి నొప్పి పుట్టి ఆపాను.

నువ్వు అడిగినవాటికి వరుసగా చెప్తాను. మీ అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. నువ్వు పంపిన నూనె పూస్తోంది. నొప్పి తగ్గలేదు గాని, హైదరాబాదు నూనె అని వచ్చినవాళ్లందరికీ సీసా చూపిస్తోంది. ఆ మేరకు గుణం కనిపించింది. పులివెందుల నుంచి మీ అక్క వచ్చి పోయింది. అక్కడ వానలు లేక శెనక్కాయ చేలోనే ఎండిపోయిందట.

దూదేకడం మానేశావా అని అడిగావు. మానలేదు. ప్రొద్దుటూరులో మిషన్లు వచ్చాక కొత్త దూది మన విల్లు దగ్గరికి రావడం లేదు. జనం పడుకొని పడుకొని గట్టిపడిన పాత పరుపులు విప్పి ఏకడమే మిగిలింది. పాత దూదిలో దుమ్ము ఎక్కువ. దగ్గు దాని వల్లే. డాక్టరుకు చూపించుకొమ్మని మళ్లీ రాయవద్దు.

ఇక మూడో మాట. మీ పాప సాజిదా చేత ఉర్దూలో రెండు వరుసలు రాయించి పంపమన్నావు, మీ పెద్ద గుమాస్తాకు చూపించాలన్నావు. పోయిన జాబులోనూ అడిగావు. అప్పుడు వాన సంగతి రాసి తప్పించుకున్నాను. ఇప్పుడు వాన కూడా లేదు. రాయక తప్పదు.

నీ కష్టం నాకు తెలియదనుకోవద్దు. ఆఫీసు కర్నూలులో ఉన్నన్నాళ్లు నిన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆఫీసుతో పాటు హైదరాబాదుకు పోయాక అడిగేవాళ్లు వచ్చారు. పేరు చూస్తే కమాల్ బాషా, నోరు తెరిస్తే కడప తెలుగు. 'నువ్వేం సాయిబువయ్యా' అని నవ్వారని రాశావు. ఆ జాబు నారాయణ చదివి వినిపించిన పూట నాకు ముద్ద దిగలేదు. నా కూతురికి ఈ మాట రాకూడదు, ఉర్దూ బడిలో వెయ్యి నాయినా అన్నావు. వేశాను. చెయ్యి పట్టుకొని నేనే తీసుకుపోయాను. నన్ను చూసి మన వీధిలో ఇంకో ఐదు ఇళ్లవాళ్లు తమ పిల్లల్ని వేశారు. పెండ్లి విందుల్లో దూదేకులవాళ్లని మనల్ని ఆఖరి పంక్తికి పిలుస్తారు గదా, పిల్లలకైనా ముందు పంక్తి దొరుకుతుందని అందరికీ ఆశ.

హబీబుల్లా ఉస్తాదు మంచివాడు. పిల్లల్ని కొట్టడు. రెండేళ్లు మీ పాప ఇంట్లో గోడకు ఆనుకొని పాఠం పైకి చదివేది. నేను విల్లు ఆపి వినేవాణ్ణి. కాలవ పారినట్టు ఉండేది. ఒక ముక్క అర్థం కాకపోయినా మీసం దువ్వుకునేవాణ్ణి. ఒకరోజు ఊరికే అడిగాను.

"ఏం పాపా, దాంట్లో ఏముండాది?"

"పాఠం జేజినాయనా."

"పాఠమే లేమ్మా. యాపారం సంగతా, రాజు సంగతా, ఏంది?"

పిల్ల నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "అది అర్థానికి కాదు జేజినాయనా, ఒప్పజెప్పేదానికి."

పొయ్యి దగ్గర కోడలు జానీబీ నవ్వింది. నేను నవ్వలేదు.

ఈ ఏడు ఎండాకాలం ముందు ఉర్దూ బడుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మన పాపను లేపి చదవమన్నాడు. పాఠమంతా ఒక్క బిగిన అప్పజెప్పింది. శభాష్ అన్నాడు. అంతటితో పోయి ఉంటే బాగుండేది. మీ నాయన ఏం పని చేస్తాడు అని ఉర్దూలో అడిగాడట. పాప ఆ పాఠమే మళ్లీ మొదటినుంచి అందుకుంది. బడంతా నవ్వింది. 'దూదేకుల చిలక' అని పేరు పెట్టారు. మరుసటి రోజు నుంచి కడుపునొప్పి అని దూది మూటల వెనక కూర్చుంది. తిట్టాను, బతిమాలాను. లేవలేదు. మన వీధి పిల్లలు మిగతావాళ్లూ అంతే, ఒకరి తర్వాత ఒకరు జారుకున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు పత్తి మిల్లులో గింజలు ఊడుస్తున్నారు. వాళ్లను బడికి దారి పట్టించింది నేను గదా, ఆ దారిన పోతే తల పక్కకు తిప్పుకుంటాను.

ఉస్తాదే మనింటికి వచ్చాడు. మంచం మీద కూర్చోలేదు, దూది మూట మీద కూర్చున్నాడు.

"దస్తగిరి భాయ్, మా ఇండ్ల పిల్లోళ్లకు నేను పాఠం ఒకసారి చెప్తే చాలు. వాళ్లమ్మలు తిట్టేది గూడా ఆ బాసలోనే గదా. మీ వీధి పిల్లోళ్లు అందరికందరూ ఎనకనే ఉండారు. తెలివి లేక కాదప్పా. వాళ్లింట్లో ఆ మాట లేదు. నాకేమో యాభై మందిలో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోని మాట్లాడే తీరిక లేదు."

"యాం జేయమంటావు మరి?"

"తెలుగు బడిలో ఎయ్."

"నీ బడిలో పిల్లోళ్లు తగ్గితే నీ పోస్టు తీసేస్తారంట గదా?"

"నీ విల్లు తాడు నువ్వు సూసుకో. నా పోస్టు నేను సూసుకుంటా."

సెలవులైపోయి బడులు తెరవగానే మిగిలిన పిల్లల్ని వెంటబెట్టుకొని తెలుగు బడికి పోయాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. ఐదు నెలలుగా నీ కూతురు తెలుగు బడిలో ఉంది. ఇదీ నేను దాచిన సంగతి.

అక్కడేం పూలు చల్లలేదు. చదువు చెప్పే ఆదినారాయణ అయివారు కళ్లద్దాల పైనుంచి చూసి, "ఉర్దూ బడిలో రెండేండ్లు పాయె. అందర్నీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టాల్సిందే" అన్నాడు.

"తొమ్మిదేండ్ల పిల్లను ఓనమాలోళ్ల మధ్యన కూర్చోబెడితే అది మళ్లా మూట ఎనక్కే పోతాది. ఒక లెక్క అడిగి సూడు అయివారా" అన్నాను.

"ఏడెనిమిదులెంత పాపా?"

పాప పెదాలు లోపల్లోపల కదులుతున్నాయి.

"రాదులేప్పా" అన్నాడు.

"నిలువు. దావలో ఉండాది, వస్తాది."

"యాభై ఆరు" అంది పాప.

"ఏందో గొణుక్కుంటివే?"

"సాత్ అట్టే ఛప్పన్ అనుకోని, దాన్ని తెలుగులో చెప్తి అయివారా."

ఆయన కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "మా పిల్లోళ్లకు ఒకటే దావ. ఈ పాప రెండు దావలు తిరిగొస్తాంది. ఆలిశం గాక ఏమైతాది" అన్నాడు. మూడో తరగతిలో చేర్చుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. మన వీధి పిల్లలు రోజూ బడి గంటకు ముందే రావాలి. దారిలో చూసిన సంగతి ఒకటి తమ నోటితో చెప్పాలి. ఆయన దాన్ని బోర్డు మీద రాస్తాడు, వాళ్లు చదవాలి. ఎనుము అడ్డమొచ్చింది, పెన్నలో నీళ్లు లేవు, జేజి అరిచింది, ఇవీ పాఠాలు. చెప్పినవాడికి అది చదవడం కష్టం కాదు గదా, వాడి మాటే అది.

ఆ పాఠాల మీదా ఊరి ఏడుపు తప్పలేదు. పెద్ద రైతులు కొందరు వచ్చి, మా పిల్లోళ్లకు లేని పాఠం దూదేకులోళ్లకు ఎందుకని అడిగారు. "మీ పిల్లోళ్లను గూడా తెల్లార్తోనే పంపండప్పా, వద్దన్యానా?" అన్నాడు అయివారు. ఒక్కడూ పంపలేదు. పంపకపోయినా సణుగుడు ఆపలేదు.

ఇటు మనవాళ్లూ ఊరుకోలేదు. మసీదు దగ్గర ఒక పెద్దమనిషి, "ఏం దస్తగిరీ, మీకు నమాజు గూడా తెలుగులోనేనా?" అన్నాడు. "నా మాట అల్లాకు తెలియదని నీకెవురు చెప్పినారు?" అన్నాను. అప్పటినుంచి ఆ వీధి పరుపులు నా దగ్గరికి రావడం లేదు. రాకపోతే పోనీ. నేను మాత్రం పోయి అడగను.

ఉస్తాదును మైదుకూరుకు మారుస్తారని అంటున్నారు. దారిలో కనిపిస్తే ఆయనే ముందు సలాం చేస్తాడు. దెప్పినా బాగుండేది. ఆయన ఇంటావిడ సైదున్నీసా మన పాపను సాయంత్రం పిలిచి, బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉర్దూలో మాట్లాడిస్తోంది. పుస్తకం లేదు. ఇప్పటికి తిట్లన్నీ వచ్చాయి. మిగతాది మెల్లగా వస్తుంది.

మీ పెద్ద గుమాస్తాకు చూపించడానికి ఉర్దూ వరుసలు కావాలంటే ఉస్తాదు రాసిచ్చి పాప చేత దిద్దించగలడు. నువ్వు నమ్ముతావు, గుమాస్తా నమ్ముతాడు. దానికి నాకు మనసు ఒప్పలేదు. నువ్వు వచ్చి దాన్ని మళ్లీ ఆ బడిలోనే వేస్తానంటే తండ్రివి, అడ్డం నిలబడే బలం నాకు లేదు. ఈ ఏడు శానా అలిసిపోయాను బాషా. అందరితో పోట్లాడాను, ఎవరి దగ్గరా గెలిచినట్టు లేదు. ఈ ఏటి పరీక్షలో మనవాళ్లు ఎందరు గట్టెక్కుతారో అయివారు కూడా చెప్పలేనన్నాడు. ఒక్క మాట మాత్రం చెప్తాను. పిల్ల పొద్దున్నే లేపకుండా లేస్తోంది.

నీకు రెండు వరుసలు రాయమని ఇందాక ఈ కాగితమే, కలం దాని చేతికిచ్చాను.

"పుస్తకంలోదా జేజినాయనా, నోట్లోదా?" అంది.

"నీకేం తోస్తే అది రాయి. నేను సూడను."

కింద ఉన్నది అది రాసిందే.

నాయినా. జేజినాయన దగ్గితే గుడ్డకు నెత్తురు అంటుతాంది. ఎవురికీ చెప్పకుండా దాస్తాండాడు. నువ్వు తొందరగా రా. సాజిదా.

చూడనన్నాను గాని చూశాను. నేను గుడ్డ ఉతుక్కునేది ఎవరికీ కనబడలేదనుకున్నాను. దూది మూటల వెనక కూర్చున్నన్ని రోజులు అది నన్నే చూస్తూ ఉన్నట్టుంది. మీ అమ్మకు తెలియదు, నువ్వు రాయవద్దు. ఈ కాగితం చించేసి మళ్లీ రాద్దామని లేచాను. ఇంత మళ్లీ రాసే ఓపిక లేదని సర్దిచెప్పుకొని కూర్చున్నాను. ఓపిక కాదు సంగతి. అది ఎవరికీ ఒప్పజెప్పకుండా, ఎవరూ చెప్పకుండా రాసిన మొదటి మాట ఇది. నా పరువుకోసం దాన్ని చించలేకపోయాను.

డాక్టరు సంగతి నువ్వు వచ్చాక చూద్దాం. జవాబు రాసేటప్పుడు నారాయణ పేరున పంపవద్దు. ఇంటికే పంపు. ఇంట్లో చదివేవాళ్లు ఉన్నారు.

ఇట్లు,
నీ మేలు కోరే మొండి నాయన,
దస్తగిరి.