చేరింది నేనే

క్లైవ్ అన్నయ్యకు,

నీ వ్యాను నిన్న సాయంత్రం హాలీ తెచ్చి ఇచ్చే ఉంటుంది. యాభై రెండేళ్లకు నాకు చదువేమిటని అడగకుండా తాళాలిచ్చింది నువ్వొక్కడివే. అందుకే ఈ సంగతి నీకే రాస్తున్నాను.

దారిలో టీ కోసం ఆగినప్పుడు వెనక నా పరుపు, కెటిల్, పుస్తకాల పెట్టెలు చూశాను. అవన్నీ వేరే ఎవరో చిన్నపిల్ల సామానులా అనిపించాయి. "హాలీ, బండి వెనక్కి తిప్పవే" అన్నాను.

"బండి నడపడానికి బీమా ఈ ఒక్కరోజుకే తీసుకున్నాం, అదీ నా పేరు మీదే. నేను తిప్పను. వెనక్కి పోవాలంటే నువ్వు నడిచి పో" అంది నా కూతురు. "నన్ను కాలేజీలో దించిన రోజు ఇంటికి పోదామని ఏడిస్తే నువ్వు విన్నావా?"

వినలేదు. మళ్లీ బండెక్కి కూర్చున్నాను.

లాంకాస్టర్‌లో యూనివర్సిటీ హాస్టల్ దగ్గర సామాను దించి, నన్ను గట్టిగా కౌగిలించుకుని వెళ్లిపోయింది. పెట్టెలు విప్పబుద్ధి కాలేదు. అంతలో పక్కగది పిల్ల తొంగి చూసి, "మీ అమ్మాయి ఏదండీ? ఏం చదువుతుంది?" అంది.

"అమ్మాయి కాదు, చేరింది నేనే" అన్నాను. "చరిత్ర చదువుతాను."

"భలే! నాదీ చరిత్రే. రేపు క్లాసుకి కలిసి పోదామా?" అంది.

పోదామన్నాను అన్నయ్యా. ఇవాళే ఆ క్లాసు, నిన్నటినుంచి సంతోషంతో ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

నీ చెల్లి