దాలమ్మ చనిపోయిందని రాసింది నేనే

బుధవారం, పలాస

మేం అభిమానించే సీరియల్ నవల గురించి మేమే నడిపే వికీలో, దాలమ్మ అనే పాత్ర పేజీ చూసి ఒక కొత్త పాఠకురాలు ఈరోజు అడిగింది: "దాలమ్మ సముద్రంలో మునిగిపోయిందని ఏ భాగంలో ఉంది?" మధ్యాహ్నం భోజనాల వేళ భాగాలన్నీ ఫోన్‌లో వెతికాను. పడవ ఎక్కిందని ఉంది, తిరిగి రాలేదని ఉంది, అంతే. మునిగిపోయిందన్నది నాలుగేళ్ల కిందట నేను ఊహించి, కథలో జరిగినట్టే రాసిన వాక్యం. ఇప్పుడు అభిమానులందరూ దాన్నే చెప్పుకుంటున్నారు.

ఆ ధ్యాసలో ఫ్యాక్టరీలో జీడిపప్పు ఏరుతూ, విరగని గుండు పప్పు ట్రేలో విరిగిన బద్ద వేసేశాను. పక్కన కూర్చునే కన్నమ్మత్త తీసి చూపించింది.

"గుండుల్లో ఏసేసినంత మాత్రాన బద్ద గుండైపోద్దేటే?"

ఇంటికొచ్చి, నాతో కలిసి వికీ చూసుకునే బావకి ఫోన్ చేశాను.

"అందరూ నమ్మేసినారు కదే. ఇప్పుడు తీసేత్తే నీ పరువే పోద్ది. ఒగ్గీ," అన్నాడు.

వదిలేది లేదన్నాను. కోపం వచ్చింది, అతని మీద కాదు.

ఆ వాక్యం తీసి, పేజీ అడుగున 'అభిమానుల ఊహలు' అని వేరే విభాగం పెట్టి అక్కడ వేశాను. పక్కన నా పేరు పెట్టి, 'ఇది నా ఊహ, కథలో ఎక్కడా లేదు' అని రాశాను. అడిగినామెకి తప్పు నాదేనని చెప్పాను. రేపు ఎవరెవరు తిడతారో...

దాలమ్మ మునిగిపోయిందనే నాకిప్పటికీ అనిపిస్తుంది. కానీ పేజీలో మాత్రం దాలమ్మ ఇంకా తిరిగి రాలేదు, అంతే.