తోడు కోసం కొన్న ఇళ్ళు

ఆర్మూర్, 4-3-1991

మస్కట్‌లో ఉన్న మా ఆయనకు తార దండం పెట్టి రాస్తున్నది.

మీరు కట్టించిన ఇంట్లో చేరి నెలయింది. కాలనీ రోడ్లు మస్తు వెడల్పు, నడిచే మనిషే లేడు. పాత గల్లీలో రామవ్వ, ముత్తెమ్మ, నీలవ్వ, నేను ఒకే అరుగు మీద బీడీలు చుట్టేవాళ్ళం. వంతు వచ్చినవాళ్ళు నలుగురి బీడీలూ కార్ఖానాలో ఇచ్చి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒక్కదాన్నే చుట్టి, గంట నడిచి ఇచ్చి వస్తున్నాను. ఇక్కడ ఉండలేకపోతున్నాను.

మీ తార

తా.క.: అగ్గిపెట్టె కోసం ఊళ్ళోకి వెళ్ళి ఉప్పు మరిచాను. ఈ ఉత్తరం పోస్టు చేసేదాకా చప్పిడి కూరే.

మస్కట్, 2-4-1991

మా ఇంటి దీపం తారకు,

ఒంటరిగా భయపడుతున్నావని అర్థమైంది. మేస్త్రీ హన్మండ్లుకు రాశాను. ప్రహరీ గోడ మనిషి ఎత్తుకు మించి లేపి, పైన గాజు పెంకులు పెడతాడు. ఫికర్ చేయకు.

నీ నర్సింలు

తా.క.: గోడ ఫోటో పంపు. క్యాంపులో అందరికీ చూపించాలి.

ఆర్మూర్, 10-6-1991

మా ఆయనకు,

గోడ లేచింది. ఇదివరకు రోడ్డున పోయే పసుపు బండ్లైనా కనిపించేవి. నాది భయం కాదండీ, దిగులు. మొన్న ఎవరో దారి అడిగితే లోపలికి పిలిచి, చాయ్ పోసి, గంటసేపు కూర్చోబెట్టాను. నాకు ఆ ముగ్గురూ పక్కన కావాలి.

తార

తా.క.: ఫోటోలో నేనూ ఉన్నాను. గోడ వెనక.

మస్కట్, 6-8-1991

తారా,

ఇన్నాళ్ళకు నీ బాధ తెలిసింది. ఆ ముగ్గురి మొగుళ్ళూ నా క్యాంపులోనే ఉన్నారు కదా. ఫోటో చూపించి ముగ్గురితోనూ అప్పటికే కట్టి ఉన్న ఇళ్ళు కొనిపించాను. నువ్వు సంబరపడాలని వాళ్ళను నీకు చెప్పొద్దన్నాను.

నీ నర్సింలు

తా.క.: మన కాలనీలో దొరకలేదు. ఒకరిది పెర్కిట్ దిక్కు, ఒకరిది మామిడిపల్లి దిక్కు, ఒకరిది నిజామాబాద్ రోడ్డు. ఆర్మూర్ ఎంత ఊరని!

ఆర్మూర్, 1-9-1991

మా ఆయనకు,

మీ ఉత్తరం ఇవాళే అందింది. మన ఇల్లు పసుపు సేటుకు గోదాముగా ఏడాదికి అద్దెకిచ్చేశాను. పాత గల్లీలో రామవ్వ ఇంటి ఎదురుగా గది తీసుకున్నాను. ముందే చెబితే గోడ ఇంకా లేపుతారని మీకు చెప్పలేదు. నిన్న నేను సామాను దించుతుంటే, రామవ్వ తన సామాను బండికి ఎక్కిస్తోంది. మిగతా ఇద్దరూ మొన్ననే వెళ్ళిపోయారట.

రామవ్వ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఒక్కదానివే ఏడుస్తున్నవని మా ఆయన రాస్తే గద ఇల్లు ఇడిసి పోతున్న. నువ్వు గిటెందుకొచ్చినవే?" అంది. బండి పట్టుకుని ఇద్దరం ఏడ్చాం.

తార

తా.క.: గల్లీలో ముగ్గురి పాత ఇళ్ళ తాళంచెవులూ రామవ్వ నాకే ఇచ్చి పోయింది. రోజూ తెరిచి ఊడ్వమన్నారు.