నవ్వినవారి గడిలో మా బావ పేరు

వినోద ప్రదర్శనల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: యుద్ధం సినిమా మ్యాట్నీలో నవ్వినవారి గడిలోకి ఎక్కిన మా బావగారి పేరు కొట్టివేసి, సదరు గడిలో నా పేరు చేర్చుట గురించి.

నేను సినిమాహాల్లో పద్దెనిమిదేళ్ళుగా టార్చిలైటు వేసి జనాన్ని సీట్లలో కూర్చోబెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆడుతున్న యుద్ధం సినిమాకు ఎవరు ఏ సీనుకు ఏం చేశారో రోజూ రాసి పంపమని తమరు నాకు ఒక రిజిస్టరు ఇచ్చి ఉన్నారు. చప్పట్లు కొట్టినవారు, ఏడ్చినవారు, నవ్వినవారు, నిద్రపోయినవారు అని నాలుగు గడులు. ఏ గడీ ఖాళీగా ఉండరాదని కింద ఎర్రసిరాతో ఉన్నది. దానివల్ల కలిగిన ఇబ్బందులు దిగువన మనవి చేసుకొంటున్నాను.

1. చీకట్లో చప్పట్లు కొట్టడానికీ దోమల్ని కొట్టడానికీ తేడా తెలియదు. సోమవారం నలభై ఒక్కమంది కొట్టారని రాశాను. అందులో దేశభక్తి ఎంతో దోమలెన్నో నేను హామీ ఇవ్వలేను.

2. సినిమాలో మంత్రిగారు యుద్ధం ప్రకటించగానే ఆయన్ని మెచ్చేవాళ్ళు ఎడమవైపు లేచి చప్పట్లు కొడతారు. గిట్టనివాళ్ళు కుడివైపు లేచి గోల చేస్తారు. "కూర్చోండి బాబూ, వెనకవాళ్ళకి యుద్ధం కనబడట్లేదు" అంటే, రెండువైపులవాళ్ళూ నా మీదికొచ్చి "నువ్వెవరి మనిషివిరా" అంటారు. వాళ్ళు ఒక్కమాట మీద ఉండగా చూడటం నాకు అదే మొదలు. దీనికి గడి లేనందున రాయలేదు.

3. ఏడ్చినవారి గడిలో రోజూ దర్జీ భార్య పేరే ఉంటోంది. ఆవిడ పొగతాగరాదన్న ప్రకటనకే ఏడ్చేస్తుంది.

4. అసలు సంగతి ఇది. కిందటి మంగళవారం మ్యాట్నీకి మా అక్క మొగుడు వచ్చి రెండో వరుసలో కూర్చున్నాడు. ఆయన సర్కారు బళ్ళో డ్రిల్లు మాస్టారు. పెళ్ళి ఫోటోలో కూడా అటెన్షన్‌లో నిలబడ్డ మనిషి. తెర మీద కమాండరుగారు మొహం ఇంత చేసి ఏడు నిమిషాలు దేశం గురించి ఉపన్యసిస్తున్నారు. నాకు చెయ్యి ఊరుకోలేదు. టార్చి తిప్పి కమాండరుగారి ముక్కు చివర వెలుగు చుక్క పెట్టాను. ఆయన మొహం ఎటు తిప్పితే చుక్క అటు తిప్పాను. మా బావ నవ్వాడు. ఆయన పళ్ళు చూడటానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. తర్వాత సగం హాలు నవ్వింది.

ఆట వదిలాక రిజిస్టరు తీశాను. నవ్వినవాళ్ళలో నాకు పేరు తెలిసింది మా బావదే. బావమరిదిని గనక, వేళాకోళానికి ఆయన పేరూ, బడీ, సీటు నంబరూ రాసేశాను. ఇవి ఎవరైనా చదువుతారని నాకు తెలియదు.

వీరావేశ ఘట్టంలో నవ్వినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో శుక్రవారంలోగా చెప్పమని ఆయనకు నోటీసు వచ్చింది. నేను వెళ్ళేసరికి వరండాలో విజిల్ తుడుచుకొంటున్నాడు.

"బావా, నవ్వించింది నేనని రాసెయ్" అన్నాను.

"నవ్వింది నేనే కదరా. నీ పేరు రాస్తే నీ ఉద్యోగం పోతుంది. మీ అక్క మనిద్దర్నీ కూర్చోబెట్టి మేపాలి."

మా అక్క గుమ్మంలోకి వచ్చింది. "నీ చేత్తో రాశావు, నీ చేత్తోనే కొట్టించుకురా. అప్పటిదాకా ఈ మెట్టెక్కకు" అంది. నాకు ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా కంచం లేదు. అయినా నా బాధ అది కాదు. ఇప్పుడు పిల్లలు వరస తప్పినా మా బావ విజిల్ ఊదట్లేదట.

కావున సదరు నవ్వుకు కారణం టార్చి, టార్చి పట్టింది నేను అని ఇందుమూలముగా ఒప్పుకొంటున్నాను. మా బావగారి నోటీసు రద్దు చేసి, తమకు తోచిన శిక్ష నాకు వేయగలరు. సాక్ష్యంగా టార్చి జతపరిచాను. బ్యాటరీలు ఫస్ట్ షోకు వేరే టార్చిలో వేయాలి గనక తీసి ఉంచుకొన్నాను. రిజిస్టరు చదివినంత శ్రద్ధగా ఈ కాగితమూ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
టార్చిలైటు మనిషి

తా.క.: మొన్నా నిన్నా మ్యాట్నీకి మఫ్లరు చుట్టుకొని ఒక పెద్దమనిషి బాల్కనీ చివరి సీటులో కూర్చున్నారు. శత్రుసైన్యంలోని వంటవాడు చేతిలో గరిటెతో చచ్చిపోయే సీనుకు హాలంతా ఈలలు వేస్తుంటే, ఆయనొక్కరే మఫ్లరు విప్పి కళ్ళు తుడుచుకొన్నారు. టార్చి వేసి చూద్దును కదా, నాకు రిజిస్టరు ఇచ్చిన తమరే. వెంటనే ఆర్పేశాను. రెండు రోజులూ ఏడ్చినవారి గడిలో దర్జీ భార్య పేరే రాశాను. ఆవిడ ఆ రెండు రోజులూ హాలుకే రాలేదు. తమ ఏడుపు ఆవిడ పేరు మీద భద్రంగా ఉన్నది. మా బావ నవ్వు నా పేరు మీద వేయించవలెను.