సోమయ్య పేరు మీద ఉన్న నంబరు

జూన్ 24
లీగల్ ఎయిడ్ నుంచి కొత్త ఫైలు. ముద్దాయి సోమయ్య. ఊరు భద్రాచలం అవతల, అడవి అంచున ఒక గూడెం. పోడు సేద్యం. ఖమ్మంలో టెన్త్ చదివే ఒక అమ్మాయితో ఆన్‌లైన్‌లో ఆడపిల్ల పేరుతో స్నేహం నటించి, ఫొటో రాబట్టి, దాన్ని మార్చి, అందరికీ పంపుతానని బెదిరించాడని కేసు. పోక్సో, ఐటీ చట్టం. ఆ ఖాతా తెరిచిన నంబరు సోమయ్య పేరు మీద ఉంది.

అమ్మాయి పేరు ఇక్కడ కూడా రాయను. వాంగ్మూలం సగం చదివి ఫైలు మూసేశాను. ‘నేను నిద్రపోతే ఆ టైములో పంపేస్తాడని మేలుకొని ఉన్నాను’ — ఆ వాక్యం దగ్గర.

జూన్ 26
జైల్లో కలిశాను. సన్నటి మనిషి. నా కళ్ళలోకి చూడడు.
“సెల్లు ఉందా?”
“ఉంది మేడం. బటన్లది. పిల్లలకు పాటలు పెడత.”
“ఆ అమ్మాయి తెలుసా?”
“తెల్వదు.”
ఆ తర్వాత తనే అడిగాడు... “ఆ పాప బతికే ఉన్నదా మేడం?”
ఉంది అన్నాను. రెండు చేతులూ ఎత్తి ఎవరికో దండం పెట్టాడు. నేరం చేసినవాడు కూడా ఇదే ప్రశ్న అడగొచ్చు. నమ్మానా? తెలియదు.

జూన్ 29
చర్చిలో నా పక్క కుర్చీ ఖాళీ. ఎప్పుడూ కూర్చునే ఆవిడ రెండు వరసలు వెనక్కి వెళ్ళింది. అమ్మ ఇంటికొచ్చాక అంది — “అసొంటోని కేసు నువ్వు పట్టకపోతే ఇంకెవరు పట్టరా?” ఎవరో ఒకరు పట్టాలి కదమ్మా... అన్నాను. అన్నం వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది.

జూలై 2
గూడెం వెళ్ళాను. భద్రాచలం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో, ఆపైన బురదలో నడక. సిగ్నల్ ఎప్పుడు పోయిందో గమనించలేదు. ఫోను మాట్లాడాలంటే వెనకాల గుట్ట ఎక్కాలట.

సోమయ్య భార్య ముత్తమ్మ చెప్పింది. “సంతల గొడుగు కింద కూసోని సిమ్ములిచ్చేటోడు ఒకడు. ఏలిముద్ర పడలే, మళ్ల పెట్టు అన్నడు. మా ఆయన మళ్ల పెట్టిండు. ఫొటో గూడ రెండుమాట్ల తీసిండు.”
“సిమ్ములు ఎన్ని ఇచ్చాడు?”
“ఒక్కటే.”
ఆ మనిషి తర్వాత ఆ సంతకు రాలేదు.

వాళ్ళ చిన్నపిల్ల తడిక వెనక నుంచి నన్నే చూస్తోంది. బడిలో దాని పక్కన ఎవరూ కూర్చోవడం లేదట.

తిరుగు బస్సులో ముందు ఉత్సాహం. దారి దొరికింది, ఆ సిమ్ములవాడు వేలు రెండుసార్లు పెట్టించాడు, సోమయ్య పేరున రెండో సిమ్ము తీసి అమ్ముకున్నాడు. పాల్వంచ దాటాక ఇంకోటి తట్టింది. సోమయ్య కాకపోతే... అసలువాడు బయటే ఉన్నాడు.

జూలై 9
బెయిల్ వాదనలు. ఇలాంటి కేసుల్లో పిల్ల తరఫువాళ్ళకూ కబురు పెట్టాలి. తల్లి వచ్చింది. జాకెట్లు కుడుతుంది. తండ్రికి పాల్వంచలో షిఫ్టు, రాలేదు. ఒకే రోజు, ఒకే చోట, ఒకే మనిషి పేరున రెండు సిమ్ములు — సిమ్ము కంపెనీ ఇచ్చిన జవాబు జడ్జి గారి ముందు పెట్టాను. ఆయన ఆమెనూ అడిగారు.
“నాకేం తెల్వదు సార్. నా బిడ్డ నిద్రపోవాలె. అంతే.”
ఆ తర్వాత నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

జూలై 11
బెయిల్ వచ్చింది. సోమయ్య జైలు గేటు దగ్గర కాళ్ళ మీద పడబోయాడు. వెనక్కి జరిగాను. సంతోషం రాలేదు.

జూలై 20
ముత్తమ్మ గుట్ట మీంచి ఫోను. “ఇంట్ల ఉంటలేడు మేడం. చేను కాడనే ఉంటుండు. ఆడపిల్లలు ఎదురొస్తె తల దించుకొని పొదల్లకు జరుగుతుండు.”
బెయిల్ ఇచ్చింది కోర్టు. ఇంకెవరూ ఇవ్వలేదు.

జూలై 28
కోర్టు వరండా. ఆ తల్లి.
“ఒక్క మాట మేడం.”
“నేను ముద్దాయి లాయర్ని. నాతో మాట్లాడకూడదమ్మా. మీ తరఫు ప్రభుత్వ లాయరు, పీపీ గారికి చెప్పండి.”
వినలేదు. “మీ మనిషి లోపలున్నప్పుడు గూడ మెసేజ్ వచ్చింది. నా ఫోనుకు.”
“ఏది?”
“తీసేసిన. బిడ్డ చూడకముందే తీసేసిన.”
“పోలీసులకు చెప్పారా?”
“మా ఆయన వద్దన్నడు. మళ్ల పిల్లను పిలుస్తరు, మళ్ల అవే అడుగుతరు.”
చీర కొంగు సర్దుకుని మెట్లు దిగిపోయింది.

జూలై 29
ఆ ఒక్క మాట చాలు, సోమయ్య బయటపడతాడు. ఆ మాట కోర్టులోకి రావాలంటే తల్లి బోనెక్కాలి. ఆమె వెనక పిల్ల.

జూలై 31
నా మనిషి సోమయ్య. ఆ పిల్ల ఎవరి మనిషి?

ఆగస్టు 4
తల్లి అన్న మాట పీపీ గారికి చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీశారు. “డిఫెన్స్ లాయరు సాక్షిని మాట్లాడించిందని నేను కోర్టుకు రాస్తే మీ గతేంది మేడం?” రాయండి అన్నాను. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “వాళ్లను నేనే పిలిపిస్త” అన్నారు.

ఆగస్టు 8
తల్లీకూతుళ్ళు కోర్టుకు వచ్చారు. ఆ అమ్మాయిని చూడడం ఇదే మొదటిసారి. నేను దూరంగా, మెట్ల దగ్గర. పిల్ల సూటిగా నా దగ్గరికే నడిచింది. “ఆగవే” — వెనక తల్లి.
“ఆయన కాదు గదా మేడం?”
జవాబివ్వకూడదు. ఇవ్వలేదు.
“నాకు తెలుసు. పొద్దున అమ్మ ఫోనుకు ఇంకోటి వచ్చింది. అమ్మ చూడకముందే నేను చూసిన.”
చూపించింది. కొత్త ఖాతా. ‘ఆకుపచ్చ డ్రెస్సు బాగుంది. కోర్టుకేనా?’
పిల్ల వేసుకున్నది ఆకుపచ్చ డ్రెస్సే.
తల్లి ఫోను కోసం చెయ్యి చాచింది. “దాన్ని తీసెయ్యకు తల్లీ” అన్నాను పిల్లతో. పీపీ గారిని పిలిచాను. మహిళా ఎస్సై వచ్చి ఫోను తీసుకుంది. పిల్ల ఏడవలేదు. చున్నీని డ్రెస్సు మొత్తం కప్పేలా చుట్టుకుంది.

ఆగస్టు 9
నిన్న పొద్దున పిల్లను ఎవరెవరు చూశారని పోలీసులు వీధిలోవాళ్ళను అడుగుతున్నారట. ఫోను రిపోర్టు వచ్చేదాకా కేసులో సోమయ్య పేరు అలాగే.

ఆగస్టు 13
తల్లి ఫోను, పక్కింటివాళ్ళ నంబరు నుంచి.
“రేపటి సంది బడికి పంపమంటరా మేడం? పొద్దున పొయ్యేటప్పుడు పాలాయన, ఆటో ఆయన, ఎదురింటి తాత... అందరు పలకరిస్తరు. ఎవన్నని అనుకోవాలె?”
ఎస్సై గారిని అడగండమ్మా అన్నాను. అదే అనాలి.
ఆమె ఫోను పెట్టేయలేదు. వెనక నుంచి పిల్ల గొంతు, “ఏమన్నరమ్మా? పోవచ్చన్నరా?”
నేనూ పెట్టేయలేకపోయాను.