మొదటిది వేడెక్కింది

బావగారికి నమస్కారాలు.

మీ చెల్లెలు సూట్‌కేసుతో మీ ఇంటికొచ్చి మూడు రోజులైంది. నా నేరమేమిటో ఈపాటికి చెప్పే ఉంటుంది. నా గోడు కూడా వినండి.

విమానం రెక్క మీద కదిలే పలకల్ని తిప్పే మోటార్లు చేయడం నా ఉద్యోగం. గాల్లో మోటారు ఆగిపోతే కిందికి దిగి చూసుకోలేం కదా! అందుకని ఒక్కో మోటారులో రెండు వైండింగులు, అంటే రాగితీగ చుట్టలు, పెడతాం. ఒకటి చెడితే రెండోది భారమంతా మోస్తుంది.

ఆదివారం బాల్కనీలో నిలబడి మా టెక్నీషియన్‌తో ఫోన్లో అన్నాను: “మొదటిది ఊరికే వేడెక్కిపోతోందయ్యా. ఇక వదిలించుకో. రెండోది చల్లగా ఉంది, చెప్పినమాట వింటోంది. దాంతోనే నడిపిద్దాం.”

వెనక్కి తిరిగితే కాఫీ కప్పుతో మీ చెల్లెలు.

“ఎన్నాళ్లనుంచి సాగుతోందిది?” అంది.

పని గురించి అడుగుతోందని మురిసిపోయి, “ఏడాదిన్నర. మా ఆఫీసరుకీ తెలుసు, ఆయనే సంతకం పెట్టారు” అన్నాను.

అంతే బావగారూ! నా మోటారు ఎన్ని తప్పులైనా తట్టుకుంటుంది. మీ చెల్లెలు ఒక్క మాట తట్టుకోలేకపోయింది. వచ్చే వారం గురువారం ఇద్దరూ మా ల్యాబుకి రండి. మొదటిదాని తీగ తన చేత్తోనే పీకిస్తాను. రెండోది ఎవరో కళ్లారా చూస్తుంది.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త

మరిచాను: ఈ ఉత్తరం దారిలో తప్పిపోతుందేమోనని ఇంకో కాపీ కొరియర్లో పంపుతున్నాను. అది అందినప్పుడు తన ముందు మాత్రం “రెండోది కూడా వచ్చింది” అనకండి.